ఆస్కార్‌కి అయిదుగురు అక్కలు

జపాన్ అనిమేలో ఒక తల్లి జుట్టుని వదులుగా ముడేసి, ఒక భుజం మీదుగా ముందుకి వేసుకుని, నవ్వుతూ కనిపించిందంటే ఆమె ఎక్కువ కాలం బతకదని అర్థం. ఈ సంగతి నాకు చెప్పింది మా పెద్దక్క మనవరాలు. ఇంజనీరింగ్ చదువుతోంది. 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్'లో అన్నదమ్ముల తల్లి త్రిషా, 'అటాక్ ఆన్ టైటన్'లో ఎరెన్ తల్లి కార్లా - ఇద్దరిదీ అదే జుట్టు, ఇద్దరిదీ అదే గతి. తల్లి పోతేనే కొడుకు ఇల్లు కదులుతాడు, కథ మొదలవుతుంది. "జుట్టు చూసి చెప్పెయ్యొచ్చు చిన్నమ్మమ్మా" అంటుంది ఆ పిల్ల.

ఇలాంటివి దాని దగ్గర చాలా ఉన్నాయి. బడికి ఆలస్యమై నోట్లో రొట్టెముక్క కరుచుకుని పరిగెత్తే అమ్మాయి వీధి మలుపులో ఒక అబ్బాయిని గుద్దుకుంటుంది. ఆ రోజు క్లాసులో కొత్తగా చేరేది ఆ అబ్బాయే. కథానాయకుడి బెంచీ ఎప్పుడూ వెనకాల కిటికీ పక్కనే. మనకీ ఇదేం కొత్త కాదు. పాత తెలుగు సినిమాల్లో ఎవరైనా రెండుసార్లు దగ్గితే చాలు, చేతిరుమాల్లో రక్తం కోసం ఎదురుచూసేవాళ్ళం. మూసని గుర్తుపట్టడంలో ఒక సరదా ఉంది. కథ చెప్పేవాడి జేబులో ఏముందో మనకి ముందే తెలిసిపోయినట్టు ఉంటుంది.

ముప్ఫయ్యేళ్ళు సాహిత్యం పాఠం చెప్పిన అలవాటు వల్ల నాకు అక్కడితో తృప్తి కలగదు. ఒక మూస ఒక కథకుడిది కాదు. వందమంది వాడితేనే అది మూస అవుతుంది. వందమందికి, వాళ్ళని చదివిన లక్షలమందికి, ఆ మలుపు సహజంగా తోచి ఉండాలి. తల్లి చచ్చిపోతేనే మగపిల్లాడు మనిషవుతాడన్న మాట ఎవరికి సహజంగా తోస్తుంది? ఆ ప్రశ్న వేసుకుంటూనే ఈ నాలుగేళ్ళుగా ఆ పిల్ల పక్కన కూర్చుని అనిమేలు చూస్తున్నాను, ఇంగ్లీషులోకి వచ్చిన మాంగాలు చదువుతున్నాను. వాటన్నిటిలో నన్ను వదలకుండా పట్టుకున్న మూస ఒకటుంది. మగవేషంలో పెరిగే అమ్మాయి. దాని గురించే ఈ వ్యాసం.

ఈ అమ్మాయి పుట్టుక మాంగాలో కాదు, రంగస్థలం మీద. 1913లో కొబయాషి ఇచిజో అనే రైల్వే యజమాని, తన రైళ్ళకి ప్రయాణికులు కావాలని, ఆ మార్గం చివర ఉన్న తకరజుక అనే ఊళ్ళో ఆడపిల్లలతో ఒక గానబృందం పెట్టాడు. 1914 నుంచి ప్రదర్శనలు మొదలయ్యాయి. కబుకిలో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కడతారు. మన దగ్గర స్థానం నరసింహారావు సత్యభామగా మెప్పించినట్టే. తకరజుకలో అది తిరగబడింది. అన్ని పాత్రలూ పెళ్ళికాని అమ్మాయిలే వేస్తారు. చూడ్డానికి వచ్చేవాళ్ళలోనూ ఎక్కువమంది స్త్రీలే. పొడుగ్గా, జుట్టు కత్తిరించుకుని, గొంతు తగ్గించి మాట్లాడే ఆ 'కథానాయకుల' కోసం ఆడవాళ్ళు ఇప్పటికీ బారులు తీరతారు.

అక్కడి మాటల్ని కొంచెం గమనించండి. మగవేషం కట్టే నటిని 'ఒతొకొయకు' అంటారు. ఒతొకో అంటే పురుషుడు. ఆడవేషం వేసే నటిని 'ముసుమెయకు' అంటారు. ముసుమె అంటే స్త్రీ కాదు, కూతురు. మానవశాస్త్రవేత్త జెన్నిఫర్ రాబర్ట్‌సన్ 1998లో తకరజుక మీద రాసిన పుస్తకంలో ఈ తేడాని ఎత్తిచూపింది. మగవేషం వేస్తే ఎదిగిన మనిషివి. ఆడవేషం వేస్తే ఎప్పటికీ ఒకరి కూతురివి. ఏ వేషం వేసినా, పెళ్ళి చేసుకుంటే మాత్రం బృందం వదిలి వెళ్ళిపోవాలి.

ఆ ఊళ్ళోనే పెరిగాడు తెజుకా ఒసాము. తల్లి అతన్ని ఆ ప్రదర్శనలకి తీసుకెళ్ళేది. 1953లో ఒక ఆడపిల్లల పత్రికలో అతను మొదలుపెట్టిన 'రిబన్ నో కిషి' (రిబ్బను కట్టుకున్న వీరుడు) నిండా ఆ రంగస్థలపు వెలుగే ఉంటుంది. కథానాయిక సఫైర్ ఒక రాజకుమారి. ఆమె రాజ్యంలో ఆడపిల్లకి సింహాసనం రాదు. అందుకని ఆమెని లోకానికి రాజకుమారుడని చెప్పి పెంచుతారు. పుట్టకముందు ఒక చిలిపి దేవదూత చేసిన పనివల్ల ఆమెకి రెండు హృదయాలుంటాయి, ఒకటి మగపిల్లాడిది, ఒకటి ఆడపిల్లది. కత్తి తిప్పేది మగ హృదయం. అది పోతే ఆమె చేతుల్లో బలం కూడా పోతుంది. చివరికి ఆమె పక్క రాజ్యపు రాజకుమారుణ్ణి పెళ్ళి చేసుకుంటుంది.

ధైర్యాన్ని ఆడపిల్లకి ఇచ్చాడు, నిజమే. దాని మీద 'ఇది మగవాడి సొత్తు' అన్న చీటీ అంటించి ఇచ్చాడు. ఈ చీటీ గురించి స్త్రీవాద విమర్శకులు ఎన్నోసార్లు రాశారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది ఆ రాజ్యపు చట్టం. ఆ కథ రావడానికి ఆరేళ్ళ ముందే, 1947లో, జపాన్ కొత్త రాజకుటుంబ చట్టం సింహాసనం తండ్రి వంశంలోని మగవాళ్ళకే అని మళ్ళీ రాసుకుంది. పూర్వం ఎనిమిదిమంది స్త్రీలు సింహాసనమెక్కిన దేశం అది. ఇప్పటి చక్రవర్తికి ఒక్కతే సంతానం, 2001లో పుట్టిన ఐకో. ఆడపిల్లకీ హక్కు ఇవ్వవచ్చని 2005లో ప్రభుత్వం వేసిన కమిటీ సిఫారసు చేసింది. మరుసటి సంవత్సరం ఆమె చిన్నాన్నకి కొడుకు పుట్టాడు. ఆ సిఫారసు మూలన పడింది. సఫైర్ కథలో మాయలూ దయ్యాలూ కల్పన. చట్టం కల్పన కాదు.

ఇక ఆస్కార్. 1970 వరకూ ఆడపిల్లల మాంగా కూడా ఎక్కువగా మగవాళ్ళే గీసేవారు. ఆ తర్వాత హగియో మోతో, తకెమియా కెయికో లాంటి యువతులు కలం పట్టారు. వాళ్ళ తరంలోని ఇకెదా రియోకో 1947లో పుట్టింది, విద్యార్థి దశలో వామపక్ష ఉద్యమంలో తిరిగింది. 1972లో 'వెర్సాయ్ గులాబీ' మొదలుపెట్టినప్పుడు ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. ఆ రోజుల్ని గుర్తుచేసుకోవాలి. 1970లో తనకా మిత్సు లాంటి వాళ్ళు జపాన్ వీధుల్లో స్త్రీ విముక్తి నినాదాలిచ్చారు. పెళ్ళయిన ఆడవాళ్ళు ఉద్యోగం మానెయ్యాలన్న ఒక కంపెనీ నిబంధన చెల్లదని 1966లో ఒక టోక్యో కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగాల్లో సమానావకాశాల చట్టం 1985 దాకా రాలేదు.

ఇకెదా రాద్దామనుకున్నది మారీ ఆంట్వనెట్ కథ. పాఠకురాళ్ళు మాత్రం రాణి పక్కన నిలబడ్డ అంగరక్షక దళాధిపతి మీద మనసు పారేసుకున్నారు. జనరల్ జర్జాయ్‌కి అందరూ ఆడపిల్లలే. ఆరో పిల్ల పుట్టగానే, ఇక కొడుకు కోసం చూడను, వీడే నా కొడుకు అని నిర్ణయించుకుని ఆస్కార్ అని మగపేరు పెట్టాడు. కత్తి నేర్పాడు. సైన్యంలో చేర్చాడు. ఆస్కార్ వేషాన్ని దాచుకోదు. ఆమె స్త్రీ అని దర్బారులో అందరికీ తెలుసు. సఫైర్‌లా ఆమెకి రెండు హృదయాలు లేవు. ఉన్న ఒక్కటీ ఆమెదే. దానితోనే రొట్టె దొరకని జనాన్ని చూసింది, రాజుని కాపాడే ఉద్యోగం వదిలి జనం వైపు నిలబడింది, 1789 జులై 14న బాస్టిల్ దగ్గర చనిపోయింది. మధ్యలో దేశం అల్లకల్లోలంగా ఉందని భయపడి అదే తండ్రి ఆమెకి పెళ్ళి సంబంధం చూస్తాడు. వరుల కోసం ఏర్పాటు చేసిన విందుకి ఆమె సైనిక దుస్తుల్లోనే వస్తుంది. ఆ తర్వాత, తనని ఇలా పెంచినందుకు, విశాలమైన లోకం చూపించినందుకు తండ్రికి కృతజ్ఞత చెబుతుంది.

ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. నేను మూడోదాన్ని. ఖమ్మం దగ్గర పల్లెటూరు. నేను పుట్టాక మా నాన్న, ఇక చాలు, వీడే నా కొడుకు అన్నాడట. నాకు క్రాపు చేయించారు, నిక్కరూ చొక్కా తొడిగారు. "ఏరా", "ఒరే నాన్నా" అనే పిలిచేవాడు. అక్కలు కసువులూడ్చి, అంట్లు తోమి, బర్రెల దగ్గర పనిచేస్తుంటే, నేను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని ఆయనతో పొలానికీ, మార్కెట్ యార్డుకీ వెళ్ళేదాన్ని. బస్తాలు లెక్కపెట్టడం, కాటా ముల్లు చూడటం నాకు ఏడేళ్ళకే వచ్చు. "నాకు ఇద్దరాడపిల్లలు, ఒక కొడుకు" అని ఆయన చెబితే అందరూ నవ్వేవారు, నేను ఛాతీ విరుచుకునేదాన్ని. అక్కలు పదో తరగతితో ఆగిపోయారు. నన్ను ఎమ్మే దాకా చదివించాడు. ఆస్కార్ చెప్పిన కృతజ్ఞత నాకు తెలియనిది కాదు. ఈ వ్యాసం రాయగలగడం కూడా ఆ సైకిలు కడ్డీ పుణ్యమే.

పదమూడో ఏట పెద్దమనిషినయ్యాక క్రాపు పోయింది, ఓణీ వచ్చింది. మార్కెట్ యార్డు ఆగిపోయింది. "ఏరా" మాత్రం ఉండిపోయింది. అది ఆయన పోయేదాకా ఉంది. ఆయన పోయిన రోజు, తలకొరివి ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. నేను పెడతానన్నాను. ఊళ్ళో పెద్దలు నవ్వలేదు, కోప్పడలేదు, అసలు విననట్టే ఊరుకున్నారు. మా పెదనాన్న కొడుకు నిప్పుకుండ పట్టుకుని నడిచాడు. నలభయ్యేళ్ళు కొడుకునైన నేను వాకిట్లో ఆడవాళ్ళ మధ్య నిలబడిపోయాను.

పెద్దకర్మ అయ్యాక పొలం మాట వచ్చింది. తలకొరివి పెట్టినవాడికి ఏదో ఒకటి ముట్టజెప్పాలనీ, రోడ్డు పక్క ఎకరంన్నర అతనికి రాసిస్తే మర్యాదగా ఉంటుందనీ పెద్దమనుషులన్నారు. అప్పుడు మాట్లాడింది నేను కాదు. మా పెద్దక్క. ఎవరూ ఏనాడూ "ఏరా" అని పిలవని మా పెద్దక్క. "చట్టం ప్రకారం అమ్మకొక భాగం, కూతుళ్ళం ముగ్గురికీ తలో భాగం. నాలుగూ సమానమే. ఆ లెక్కనే రాయించుకుంటాం" అంది. 1956 నుంచీ ఉన్న హక్కే అది. ఆఫీసులో కాగితాల మీద నా పేరుకి ముందు 'కూతురు' అనే రాశారు. కొడుకుగా నాకేమీ రాలేదు. వచ్చిందంతా కూతురుగానే వచ్చింది, అక్కలతో పాటు, అక్కలంతే.

ఆస్కార్ కథని నేను పెద్దక్కకి చెప్పినప్పుడు ఆమె శ్రద్ధగా విని ఒకటే అడిగింది: "మరి ఆ మిగిలిన అయిదుగురూ ఏమయ్యారే?"

వెనక్కి వెళ్ళి వెతికాను. మూలకథలో వాళ్ళ ఊసే దాదాపు లేదు. ఒక అక్క మాత్రం తర్వాత రాసిన ఉపకథల్లో కనిపిస్తుంది. మిగతావాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయి ఉంటారు. ఇది ఇకెదా తప్పని నేననను. ఆ కథకి వాళ్ళతో పని లేదు. నేననేది మూస గురించి. మగవేషం ఒక్కతెకే పడుతుంది. ఇంట్లో ఒక్క కూతురు కొడుకు కావడానికి, మిగతా కూతుళ్ళు కూతుళ్ళుగానే ఉండిపోవాలి. సైకిలు మీద కడ్డీ ఒకటే ఉంటుంది. 'మా అమ్మాయిని అబ్బాయిలా పెంచాం' అని గొప్పగా చెప్పుకునే ఇళ్ళన్నిటిలో, అమ్మాయిని అమ్మాయిలా పెంచితే ఏం ఇవ్వరో కూడా ఆ మాటలోనే ఉంది.

ఈ మూసని నవ్వులాటగా మార్చినవాళ్ళూ ఉన్నారు. హతోరి బిస్కో 2002లో మొదలుపెట్టిన 'ఓరన్' కథలో హరుహి స్కాలర్‌షిప్‌తో డబ్బున్నవాళ్ళ బడిలో చేరుతుంది. ఎనభై లక్షల యెన్ల పూలకుండీ పగలగొట్టి, ఆ అప్పు తీర్చడానికి మగపిల్లాడిలా నటిస్తుంది. తనని ఆడ అనుకున్నా మగ అనుకున్నా ఆమెకి పట్టింపు లేదు. వారసత్వం లేని పేదింటి పిల్ల కాబట్టి తండ్రికి కొడుకు అక్కర్లేదు. బహుశా అందుకే ఆమె వేషం అంత తేలిగ్గా ఉంటుంది.

పెద్దక్క ప్రశ్నని తలకిందులు చేసి చూసిన రచయిత్రి యొషినగా ఫుమి. 2004 నుంచి 2020 చివరి దాకా సాగిన 'ఓఒకు' పందొమ్మిది సంపుటాల చరిత్ర కల్పన. ఓఒకు అంటే షోగున్ అంతఃపురం. ముఖం ఎర్రబారే ఒక మశూచి సోకి జపాన్‌లో యువకులు చచ్చిపోతారు, మగవాళ్ళ సంఖ్య నాలుగో వంతుకి పడిపోతుంది. పొలం, వ్యాపారం, పాలన అన్నీ ఆడవాళ్ళ చేతికొస్తాయి. మూడో షోగున్ చనిపోతే ఆ మాట పొక్కనివ్వకుండా అతని కూతుర్ని అతని పేరుతోనే ఆ స్థానంలో కూర్చోబెడతారు. ఇక్కడ మగవేషం ఒక్కతెది కాదు, దేశంలోని ఆడవాళ్ళందరిదీ. తరాలు గడుస్తాయి, వేషం అవసరం పోతుంది, ఆడవాళ్ళు ఆడవాళ్ళుగానే ఏలుతుంటారు. పేర్లు మాత్రం మగపేర్లే. ఎనిమిదో షోగున్‌గా వచ్చిన స్త్రీ, యొషిమునె, అంతఃపుర లేఖకుణ్ణి పిలిచి పాత దస్త్రాలు తీయించి తెలుసుకోవాలనుకునేది అదే: అధికారం స్త్రీదైనప్పుడు వారసత్వానికి మగపేరు ఎందుకు?

ఈ ప్రశ్న వినగానే ఓరుగల్లు కోట గుర్తుకు రాని తెలుగు పాఠకురాలు ఉంటుందా? పదమూడో శతాబ్దంలో మూడు దశాబ్దాల పాటు ఏలిన రుద్రమ, శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు'. ఆమె కూడా కొడుకులు లేని తండ్రి కూతురే. 'ఓఒకు' 2009లో తెజుకా పేరిట ఇచ్చే అవార్డు అందుకుంది. అదే సంవత్సరానికి అమెరికాలో అప్పట్లో జేమ్స్ టిప్‌ట్రీ పేరు మీద ఇచ్చిన పురస్కారం కూడా వచ్చింది. ఆ జేమ్స్ టిప్‌ట్రీ ఎవరో కాదు, పదేళ్ళ పాటు మగవాడి పేరుతో కథలు రాసిన ఆలిస్ షెల్డన్. త్రిషాని సృష్టించిన మాంగా రచయిత్రి అరకవా కూడా, మగపిల్లల పత్రికలో రాస్తూ తన హిరోమి అన్న పేరుని హిరోము అని మార్చుకుంది. రాజ్యాల్లోనే కాదు, కలాల్లో కూడా ఈ వేషం ఉంది. జపాన్‌లో భార్యాభర్తలకి ఒకే ఇంటిపేరు ఉండాలన్న చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2015లోనూ, 2021లోనూ సమర్థించింది. నూటికి తొంభైకి పైగా జంటల్లో పేరు మార్చుకునేది భార్యే. మన దగ్గర చట్టం అలా అనదు. అయినా పెళ్ళి శుభలేఖ నుంచి ఓటరు జాబితా దాకా ఎన్ని ఇంటిపేర్లు మారిపోలేదు?

వరసలో ముందు చెప్పాల్సినదాన్ని చివరికి అట్టిపెట్టుకున్నాను. 1997లో ఇకుహరా కునిహికో దర్శకత్వంలో 39 భాగాలుగా వచ్చిన అనిమే 'ఉతెనా'. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయి ఏడుస్తున్న ఉతెనాని ఒక రాజకుమారుడు ఓదార్చాడు. ఆమె అతన్ని పెళ్ళాడాలనుకోలేదు, తానే రాజకుమారుడు కావాలనుకుంది. మగపిల్లల యూనిఫాంలో బడికొస్తుంది. ఆ బడిలో కత్తియుద్ధాలు జరుగుతాయి. గెలిచినవాళ్ళకి ఆంథీ అనే అమ్మాయి 'గులాబీ వధువు'గా దక్కుతుంది. ఓడితే ఇంకొకరికి. చేతులు మారే ఆస్తి అన్నమాట. ఉతెనా ఆమెని రక్షించడానికే యుద్ధం చేస్తుంది, గెలుస్తుంది. గెలిచినందువల్ల ఆంథీ ఆమెకీ సొంతమవుతుంది. మంచి మనసున్న యజమాని కూడా యజమానే కదా.

చివరి యుద్ధంలో ఉతెనా రాజకుమారుడు కాలేకపోతుంది. ఆ మాట ఆమెకి వెనకనుంచి కత్తి దించి మరీ చెప్పేది ఆంథీయే. అయినా ఉతెనా రక్తమోడుతూ వెళ్ళి తలుపు తెరిచి చెయ్యి చాస్తుంది. ఆ తర్వాత ఆమె మరి కనిపించదు. కొన్నాళ్ళకి బడి ఆమెని మర్చిపోతుంది. కథ అక్కడ ఆగితే అది ఆస్కార్ మరణం లాంటిదే అయ్యేది.

మా ఇంటి పిల్ల ఇక్కడ నాతో పోట్లాడుతుంది. నేను మగవేషాన్ని తక్కువ చేస్తున్నానట. ఆస్కార్ కత్తి తీసినప్పుడు తనకి వెన్నులో జలదరింపు వస్తుందట, అది అబద్ధమా అంటుంది. అబద్ధం కాదు. సైకిలు కడ్డీ మీద నాకూ అలాగే ఉండేది. ఏ మూసనైనా చూసి నవ్వేసి వదిలెయ్యొద్దనీ, దాన్ని ఎంతమంది ఆడపిల్లలు ఆకలితో చదివారో చూడమనీ నేను నా విద్యార్థులకి చెబుతూనే వచ్చాను. దానితో పాటు ఇంకొకటి కూడా చూడమంటాను. ఆ వేషం కట్టిన అమ్మాయి పక్క గదిలో ఎవరున్నారు, కథ అయిపోయాక వాళ్ళు ఎక్కడున్నారు?

'ఉతెనా' చివర్లో పక్క గదిలో అమ్మాయి లేచింది. ఇన్నాళ్ళూ ఎవరు గెలిస్తే వాళ్ళ వెనక నడిచిన ఆంథీ, వధువు దుస్తులు వదిలేసి, ముడి విప్పి జుట్టు వదులుగా వదిలేసుకుని, చేతిలో ఒక పెట్టె పట్టుకుని, అన్నగారికి ఇక సెలవని చెప్పి బడి గేటు దాటుతుంది. ఉతెనాని వెతకడానికి. ఆమె ఒంటిమీద మగవేషం లేదు. అది అవసరం కూడా పడలేదు.